తల్లి పునర్వివాహము - కూతురి మనస్సు



విడాకులు పొందిన స్త్రీ మరల వివాహమాడుటకు 1955 నాటి హిందూ వివాహచట్టము సమ్మతించుచున్నది. అట్లు వివాహమాడ దలచిన తల్లి యింట పదునాఱేండ్ల కూతురున్నచో, ఆ బిడ్డ మనస్సునందలి కలవరమును గూర్చి యీ నెల ముచ్చటింతము.

తల్లిది చిన్న యుద్యోగము. ఇంటి యద్దె, బియ్యము, పాలు, కాలేజీ ఫీజు అన్నియు ఆ జీతములోనే గడవవలయును. తండ్రి పంపవలసిన పైకము ఒక నెల వచ్చును, రెండు నెలలు రాదు. ఇట్టి తరుణమున తల్లికి పరిచితుడైన పెద్దమనిషి యొకడు ఆదివారములందు వచ్చి పోవుచుండును. అతడు రాగానే కూతురు గదిలోనికి పోయి తలుపు వేసికొనును. బంధువులు దానికి పొగరని పేరు పెట్టుదురు. కాని యా బిడ్డను బాధించునది భయము. అమ్మ నా చదువు కొఱకే యీయనను చేసికొనుచున్నదా? ఈయనకు నేను నచ్చకున్న నా చదువు ఆగిపోవునా? నాన్నను చూడబోయిన అమ్మ నొచ్చుకొనునా?

రెండవ ప్రశ్నకు చట్టమే జవాబు చెప్పుచున్నది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము 20వ సెక్షను ప్రకారము మైనరు బిడ్డను పోషించు బాధ్యత తల్లిదండ్రు లిరువురిది. తన్ను తాను పోషించుకొనలేని యవివాహిత కూతురి విషయమున ఆ బాధ్యత మైనారిటీ తీరిన పిదపను ఉండును. పునర్వివాహము వలన తల్లికి రావలసిన మనోవర్తి నిలిచిపోవచ్చును గాని, బిడ్డయెడ తండ్రికి గల బాధ్యత తొలగదు. అతడు పైకము పంపకున్న న్యాయస్థానము నాశ్రయింపవచ్చును. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము స్త్రీలకును, పిల్లలకును ఉచితముగా వకీలు సాయ మొసగుచున్నది. ఇందులకై జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకొనవలయును.

తక్కిన రెండు ప్రశ్నలకును తల్లియే జవాబు చెప్పవలయును. ఒకనాటి సాయంకాలము పద్దుల పుస్తకము ముందుంచి, వచ్చుబడి యెంతయో, ఫీజు కెంత దాచితినో బిడ్డకు చూపుడు. తెలియని లెక్క కంటె తెలిసిన లెక్క తక్కువ భయపెట్టును. ఆ వచ్చు వ్యక్తి చేత బిడ్డ ఫీజు కట్టింపకుడు. కట్టించిన పిదప ఆమె నవ్వినను అది ఋణము తీర్చుకొను నవ్వగును. అతనిని నాన్న యని పిలువుమని నిర్బంధింపకుడు. కన్నతండ్రిని చూచి వచ్చిన దినమున ఆరాలు తీయక అన్నము పెట్టుడు.

వివాహ విషయమున నిర్ణయము తల్లిదే. ఆ భారమును బిడ్డపై వేయరాదు. అయినను, ఆ వార్త బిడ్డ చెవికి మొదట తల్లి నోటనే చేరవలయును గాని, పొరుగింటివారి నోట గాదు.