దుబాసీ పనికి కూలేదీ?

మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు, అంబాజీపేట - ఏ ఊరి పేటలోకెళ్ళి అడిగినా కువైట్‌కో మస్కట్‌కో దోహాకో వెళ్ళొచ్చిన ఆడమనిషి ఉంటుంది. రాజోలు వైపు లేచిన డాబాలు చూసి గల్ఫ్ డబ్బు ఎంతొచ్చిందో లెక్కలు గట్టే పెద్దమనుషులు ఒక్క లెక్క మాత్రం ఎప్పుడూ కట్టరు. మన ఆడవాళ్ళు అక్కడ అంట్లు తోమి, పిల్లల్ని సాకి ఊరుకోలేదు. తోటిదాని నోటికి నోరయ్యారు. దుబాసీ పని చేశారు. ఆ పనికి ఒక్క దీనారు ఇచ్చినవాడు లేడు సరిగదా, అది పనేనని ఒప్పుకున్నవాడూ లేడు.

మేం అలా వెళ్ళొచ్చినవాళ్ళం, వాళ్ళ కడుపున పుట్టినవాళ్ళం. అందుకే అడుగుతున్నాం.

కొత్తగా దిగిన కద్దామాకి ఇంటావిడ 'జీబ్' అంటే తెమ్మంటుందో పొమ్మంటుందో తెలీదు. తిట్లు తింటూ, దెబ్బలు తింటూ నేర్చుకుంటుంది. ఏడాది తిరిగేసరికి అరబ్బీ గడగడా మాట్లాడుతుంది. ఏ బళ్ళోనూ ఎవడూ నేర్పలేదు. అప్పట్నించీ రెండో పని మొదలు. పక్కింట్లో కొత్తమ్మాయి ఏడుస్తోందంటే ఈమెనే పిలుస్తారు. ఆస్పత్రికి ఈమె, ఏజెంటు ఆఫీసుకి ఈమె, పోలీసు స్టేషనుకి ఈమె. అర్ధరాత్రి ఫోనొస్తే బాత్రూములో తలుపేసుకుని ఎవరికో ఎవరి మాటో చెబుతుంది. తెల్లారి మళ్ళీ అంట్లు తప్పవు.

ఇదే పని పైకులాల వాళ్ళు చేసినప్పుడు ఎలా ఉండేదో చూడండి. కంపెనీ దొరల కాలంలో దుబాసీ అంటే అధికారం, ఆస్తి. మెకంజీ దొర దగ్గర కావలి బొర్రయ్య, లక్ష్మయ్య అన్నదమ్ములకి ఉద్యోగం, పేరు. ఏనుగుల వీరాస్వామయ్య గారు మద్రాసు సుప్రీం కోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్. 1830-31లో పెద్ద పరివారంతో కాశీకి వెళ్ళొచ్చారు, ఆ యాత్ర పుస్తకమై ఇవాళ్టికీ చదువుతున్నారు. వాళ్ళ తెలివిని మేం తక్కువ చెయ్యటం లేదు. వాళ్ళ నోటికి జీతం, మా తల్లుల నోటికి 'సాయం' అనే పేరూ ఎందుకని అడుగుతున్నాం. అంతెందుకు, మన సువార్త కూటాల్లో తెల్లదొర ప్రసంగాన్ని తెలుగులో చెప్పే అయ్యగారికి శాలువా కప్పుతాం, కవరిస్తాం. కువైట్ నుంచి వచ్చిన అక్కని ఏమడుగుతాం? సెంటు బుడ్డి తెచ్చావా అని!

దుబాసీ లేకపోతే ఏమవుద్దో చెబుతాం. మాలో ఒకామెకి ఏడు నెలల జీతం ఆపేశారు. తట్టుకోలేక బయటపడింది. ఒక ఆఫీసులో కూర్చోబెట్టి అరబ్బీ కాగితం ముందు పెట్టారు. పక్కనున్న ఏజెంటు మనిషి వచ్చీరాని హిందీలో "ఇంటికి పంపే కాగితం, వేలెయ్" అన్నాడు. వేసింది. ఆ కాగితంలో ఉన్నది: జీతం బాకీలన్నీ ముట్టాయి, ఇక నాకు రావలసిందేమీ లేదు. ఇల్లు చేరాక గానీ ఆమెకా సంగతి తెలీలేదు. ఏడు నెలల రెక్కల కష్టం ఒక్క అబద్ధపు తర్జుమాకి పోయింది.

ఇక్కడో మాట దాచకూడదు. మన అక్కలకి అరబ్బీ మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. ఆ రోజు పక్కన మనామె ఉన్నా ఆ కాగితం చదవలేకపోయేది. అందుకే శిక్షణ కూడా అడుగుతున్నాం.

కువైట్ ప్రభుత్వం 2015లో ఇంటిపనివాళ్ళ కోసం 68వ నంబరు చట్టం చేసింది. రోజుకి 12 గంటలు మించకూడదు, వారానికో రోజు సెలవివ్వాలి, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదు. ఆ చట్టం ఉందని మన పేటల్లో ఎంతమందికి ఎవరు చెప్పారు? మన సర్కారు సంగతి ఇంకా విడ్డూరం. పదో తరగతి పాసవ్వని మనిషి పాస్‌పోర్టుని ఈసీఆర్ కింద పెడుతుంది. అంటే ఈ మనిషి అంతగా చదువుకోలేదు, మోసపోవచ్చు, చూసి పంపాలి అని సర్కారే ఒప్పుకున్నట్టు. ఒప్పుకుని, అదే మనిషి చేతిలో అరబ్బీ, ఇంగ్లీషు ముక్కలున్న ఒప్పందం పెడితే చూస్తూ ఊరుకుంటుంది! చదవలేదని తెలిసీ చదవలేని కాగితం ఇవ్వటాన్ని ఏమనాలి?

క్రిమినల్ కోర్టులో ముద్దాయికి తెలియని భాషలో సాక్ష్యం చెబితే తెలిసిన భాషలో వినిపించాలనీ, దుబాసీ ఉన్నదున్నట్టే చెప్పితీరాలనీ మన చట్టం. పాత కోడ్‌లో 279, 282 సెక్షన్లు. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో 314, 317. ముద్దాయికున్న పాటి హక్కు పనికోసం పోయే ఆడమనిషికి లేదా?

పెద్ద పెద్ద అంతర్జాతీయ సభల్లో దుబాసీలు అద్దాల గదిలో ఇద్దరేసి కూర్చుని అరగంటకోసారి మారతారట, బుర్ర అలిసిపోద్దని. సబబే. మా అక్క బుర్రా బుర్రే.

మేం కోరేది ఇది. వెళ్ళేముందు ఒప్పందం తెలుగులో ఉండాలి. ఏజెంటు కాని మనిషి దాన్ని చదివి వినిపించాలి, ఒక నకలు ఇంట్లో ఉండాలి. అమలాపురం కలెక్టరాఫీసులో గల్ఫ్ అర్జీలు తీసుకునేచోట, అక్కడ మన ఎంబసీల్లో, అరబ్బీ తెలిసిన తెలుగు ఆడవాళ్ళు జీతం మీద ఉండాలి. ఆస్పత్రిలో ఆడమనిషి కడుపునొప్పి మగ డ్రైవరు నోటితో చెప్పించకూడదు. తిరిగొచ్చిన అక్కలకి చదవడం, చట్టం మాటలు నేర్పి సర్టిఫికెట్ ఇవ్వాలి. తప్పుడు తర్జుమా చేసి వేలిముద్ర వేయించినవాడి మీద కేసు పెట్టాలి.

సర్కారు కదిలేదాకా కూర్చోవద్దు. మీ పేటలో ఎవరైనా వెళ్తుంటే హైదరాబాద్ బస్సెక్కేముందే ఆ కాగితం ఫొటో తీసి ఇంట్లో పెట్టుకోండి. ఇంగ్లీషు ముక్క చదువుకున్న మన పిల్లాడితో చదివించండి, వెళ్ళొచ్చిన అక్కని పక్కన కూర్చోబెట్టి ఒక్కో మాటా అడగండి. టైము లేదని ఏజెంటు తొందరపెడితే ఆ కాగితం మీద వేలెయ్యొద్దు. ఆ పూట కూలి ఆ అక్క చేతిలో పెట్టండి. మనమే ఎగ్గొడితే సర్కారుని ఏ మొహం పెట్టుకుని అడుగుతాం?