వచ్చేదెవరికి? రావలసిందెవరికి?

సినిమా అవార్డుల గురించి మన పత్రికలో రాయడమేమిటని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. మెయింటెనెన్స్ కేసులు, గృహహింస కేసులు, అంగన్‌వాడీల జీతాలు ఇన్ని ఉండగా ఎవరి చేతికి ఏ బొమ్మ వస్తే మనకేం అని అడగవచ్చు. నిర్మాతలు వాళ్ళ డబ్బుతో వాళ్ళు పంచుకునే బహుమతులైతే నేనూ పట్టించుకోను. జాతీయ అవార్డులూ, రాష్ట్ర ప్రభుత్వాల అవార్డులూ అలాంటివి కావు. అవి ప్రజల డబ్బుతో ఇచ్చేవి. 'ఇది మంచి కథ, ఈమె మంచి స్త్రీ, ఈ కష్టం గౌరవించదగ్గ కష్టం' అని రాజ్యం తన ముద్ర వేసి చెప్పే మాట అది. ఆ మాట మన మీటింగులకంటే, మన కరపత్రాలకంటే ఎక్కువ ఇళ్ళలోకి వెళుతుంది. అందుకని దాన్ని ఊరికే వదలడం నాకిష్టం లేదు.

ఏటా అవార్డులు ప్రకటించే ముందు నేనొక కాగితం మీద నిలువుగా గీత గీస్తాను. ఎడమవైపు 'వచ్చేదెవరికి', కుడివైపు 'రావలసిందెవరికి'. ఎడమవైపు నాకు మార్కులు బాగానే పడతాయి. కమిటీల మనసు చదవడం పెద్ద విద్యేమీ కాదు. పెద్ద హీరో, దేశభక్తి, త్యాగం చేసే తల్లి... వీటిలో ఏదో ఒకటి రాస్తే సగం ఒప్పే అవుతుంది. నా పోట్లాటంతా కుడివైపు గురించి.

2025 ఆగస్టు 1న 71వ జాతీయ అవార్డులు ప్రకటించారు. 2023లో సెన్సారైన సినిమాలకు. ఉత్తమ నటుడు ఇద్దరు - షారుఖ్ ఖాన్, విక్రాంత్ మాసే. ఉత్తమ నటి రాణీ ముఖర్జీ, నార్వే ప్రభుత్వం తీసుకుపోయిన పిల్లల కోసం పోరాడే తల్లి పాత్రకు. నాకు ఆ నటి మీద కోపం లేదు. నా కాగితం కుడివైపు మాత్రం రెండు పేర్లున్నాయి: ఊర్వశి, పార్వతి తిరువోత్తు. సినిమా 'ఉళ్ళొళుక్కు', మలయాళం. చూడనివాళ్ళు ఎక్కడైనా సంపాదించి చూడండి. కుట్టనాడులో వరద. ఇంట్లో శవం. నీళ్ళు తీస్తేగాని పూడ్చడానికి నేల లేదు. చనిపోయినవాడి తల్లీ, భార్యా ఆ నీళ్ళ మధ్య ఒకే ఇంట్లో ఉండాలి. కోడలి కడుపులో ఉన్న బిడ్డ చనిపోయినవాడిది కాదు. ఇంత ముడిలో అత్తను రాక్షసిగానో, కోడలిని పతితగానో చెయ్యకుండా రెండు గంటలు నడిపారు. అత్తాకోడళ్ళ మధ్య ఇల్లు, పరువు, ఒంటరితనం ఎలా పనిచేస్తాయో మనం శిక్షణ తరగతుల్లో మూడు రోజులు చెప్పి కూడా చెప్పలేని సంగతి అది.

కమిటీ ఏం చేసింది? ఊర్వశికి సహాయ నటి అవార్డిచ్చింది. పార్వతికి అదీ లేదు. ఇద్దరే మనుషులు మోసిన సినిమాలో ఒకరు 'సహాయం' అయితే ప్రధాన పాత్ర ఎవరిది, శవానిదా? అంతకు ఏడాది ముందే కేరళ ప్రభుత్వం ఇదే పాత్రకు ఆమెను ఉత్తమ నటిగా గుర్తించింది. సీనియర్ నటులనూ, ముఖ్యంగా వయసు మళ్ళిన నటులనూ సహాయ పాత్రల గదిలోకి తోయడానికి కొలమానమేమిటని ఊర్వశి బహిరంగంగానే అడిగింది. తనకిచ్చినదాన్ని పళ్ళబిగువున పుచ్చుకుని ఊరుకోలేదు. వృద్ధాప్య పింఛను కాదు గదా అవార్డంటే! నేనిక్కడ ఇంకో మాట చేరుస్తాను. మగవాడికి యాభై తొమ్మిదేళ్ళొచ్చినా హీరోయే. ఆడది యాభై దాటితే ఎంత చేసినా ఎవరికో సహాయం చేసినట్టే. ఇంటిచాకిరీని ఏ లెక్కలో వేస్తారో, ఇదీ అదే లెక్క.

పేర్లలోనే ఉంది చూడండి సంగతంతా. 1967 సినిమాలతో నటనకు జాతీయ అవార్డులు మొదలైనప్పుడు నటుడికి 'భరత్' అవార్డన్నారు, నటికి 'ఊర్వశి' అవార్డన్నారు. మగవాడు నాట్యశాస్త్రం రాసిన ముని. ఆడది ఇంద్రుడి కొలువులో ఆడే అప్సరస! ఆ పేర్లు తర్వాత పోయాయి. పత్రికల్లో మాత్రం చాలాకాలం 'ఊర్వశి శారద' అనే రాశారు. ఈమధ్య 2024లో నిబంధనలు మార్చి అవార్డుల్లో ఉన్న రెండు స్త్రీల పేర్లు తీసేశారు, ఒకటి నర్గీస్ దత్, ఒకటి ఇందిరాగాంధీ. రాజకీయంగా నాకు ఇందిరాగాంధీ మీద ప్రేమ లేదు. అయినా ఫాల్కే పేరు చెక్కుచెదరకుండా ఉండి ఈ రెండే తొలగడం గమనించకుండా ఉండలేను. ఆ ఫాల్కే అవార్డు తెలుగువాళ్ళలో బి.ఎన్. రెడ్డి, ఎల్.వి. ప్రసాద్, నాగిరెడ్డి, అక్కినేని, రామానాయుడు, విశ్వనాథ్ అందుకున్నారు. నటించి, పాడి, దర్శకత్వం వహించి, స్టూడియో నడిపి, పుస్తకాలు రాసిన భానుమతి అందుకోలేదు. 1953లోనే 'చండీరాణి'కి దర్శకత్వం చేసిన మనిషి ఆమె. 2005లో ఆమె పోయేదాకా గుర్తుకు రాలేదు.

2023లో అల్లు అర్జున్‌కి 'పుష్ప' మీద ఉత్తమ నటుడు వచ్చినప్పుడు మన పత్రికలూ, టీవీలూ చేసిన హడావిడి గుర్తుండే ఉంటుంది. తెలుగు నటుడికి మొదటిసారి అన్నారు. నిజమే, నటుడికి మొదటిసారి. నటనకు తెలుగు సినిమాకి మొదటిసారి కాదు. 'నిమజ్జనం'లో శారద, 'దాసి'లో అర్చన, 'కర్తవ్యం'లో విజయశాంతి, 'మహానటి'లో కీర్తి సురేష్. వీళ్ళంతా అంతకు ముందే తెచ్చారు. ముఖ్యంగా 'దాసి'. బి. నర్సింగరావు తీసిన ఆ సినిమాలో గడీలో ఆడబాప నోరెత్తకుండా చేసే పని, ఆమె ఒంటి మీద దొరకుండే హక్కు తెలంగాణ పల్లెల్లో పనిచేసిన మన కార్యకర్తలెవరికీ వివరించనక్కర్లేదు. ఆ గెలుపులన్నీ లెక్కలోకి రానివి ఎలా అయ్యాయి?

సరే, 71వ అవార్డుల్లో తెలుగు వంతుకు వద్దాం. ఉత్తమ తెలుగు చిత్రం 'భగవంత్ కేసరి'. ఆడపిల్లను ధైర్యవంతురాలిగా పెంచాలన్నది సందేశం. మంచిదే. మంచి స్పర్శ, చెడు స్పర్శ గురించి పెద్ద హీరో నోట చెప్పించారు, అదీ మంచిదే. కానీ ఆ ధైర్యం ఆమెకు ఒక మగవాడు తయారుచేసి ఇచ్చే వస్తువుగా వస్తుంది. ఇలాంటి సినిమాకి వస్తుందని ఎడమవైపు రాసుకున్నాను, వచ్చింది.

'బేబీ'కి ఉత్తమ స్క్రీన్‌ప్లే అవార్డు వచ్చినప్పుడు మాత్రం కాగితం పక్కన పెట్టి లేచిపోయాను. బస్తీలో పుట్టిన అమ్మాయి ఇంజనీరింగ్ కాలేజీలో అడుగుపెట్టడమే తప్పయినట్టు నడిచే కథ అది. చదువు, కొత్త బట్టలు, కొత్త స్నేహాలు ఒక్కొక్కటీ ఆమె పతనానికి మెట్టుగా పేర్చారు. ఆమెను బెదిరించి లొంగదీసుకునే ఘట్టం కూడా అబ్బాయి గుండె పగలడానికి ముడిసరుకు. ఆ సినిమా ఆడినన్నాళ్ళు కాలేజీ అమ్మాయిలతో మాట్లాడినప్పుడల్లా విన్నాను, క్లాసులో ఎవరితోనైనా మాట్లాడితే 'బేబీ' అని వెనకనుంచి అరుస్తున్నారని. అరిచేవాడికి ఒక మాట చేతికందించిన రచనకు రజత కమలం!

అదే ఏడాది 'బలగం' ఉంది. కాసర్ల శ్యామ్ పాటకి అవార్డు ఇచ్చారు, సంతోషం. కానీ ఆ సినిమాను ఊళ్ళల్లో తెరలు కట్టుకుని ఎందుకు చూశారు? చివర్లో బుడగజంగాల కళాకారులు కొమురమ్మ, మొగిలయ్య పాడే పాట కోసం. నల్లి బొక్క కోసం విడిపోయిన అన్నాచెల్లెళ్ళు ఆ పాట విని సినిమాలో ఏడ్చారు, బయట కూడా ఏడ్చారు. చావింట్లో పాడటం వాళ్ళకు కులవృత్తి, బతుకుతెరువు. వరంగల్ జిల్లా నుంచి వచ్చిన ఆ ఇద్దరిలో మొగిలయ్య మూత్రపిండాల జబ్బుతో 2024 డిసెంబరులో చనిపోయాడు. ఆ ఏడాది ఉత్తమ గాయని అవార్డు 'జవాన్'లో పాటకి శిల్పారావుకి వచ్చింది. ఆమె గొప్ప గాయని, అందులో వాదన లేదు. కానీ రికార్డింగ్ థియేటర్లో ఏసీ గదిలో కళ్ళు మూసుకుని పాడటమొక్కటే గానమా? జీవితమంతా ఊరి చావులను మోసిన గొంతు గానం కాదా? నా కాగితం కుడివైపు ఉత్తమ గాయని: కొమురమ్మ. కొట్టివేతలు లేవు.

ఉత్తమ దర్శకుడు 'ది కేరళ స్టోరీ' తీసిన సుదీప్తో సేన్. దీని గురించి ఎక్కువ రాయడం కూడా ఆ సినిమాకు మర్యాదే. ముప్ఫైరెండు వేలమంది అమ్మాయిలని ప్రచారం చేశారు. 2023 మేలో సుప్రీంకోర్టు ముందు, ఆ అంకెకు ఆధారాలు లేవని తెరమీద రాయడానికి ఒప్పుకున్నారు. అంకె పోయినా భావం మిగిలింది: ఆడపిల్లకు స్వంత బుర్ర ఉండదు, ఎవరు ఎటు లాగితే అటు పోతుంది, కనుక తండ్రి కాపలా కాయాలి. మేజరైన స్త్రీ ఎవరిని పెళ్ళి చేసుకోవాలో ఏ మతంలో ఉండాలో తండ్రో కోర్టో చెప్పకూడదని 2018లో హాదియా కేసులో అదే సుప్రీంకోర్టు చెప్పింది. న్యాయస్థానం ఇచ్చిన హక్కును అవార్డు కమిటీ చేత్తో తీసేసినట్టయింది.

ఇన్నేళ్ళ జాతీయ అవార్డుల్లో దర్శకత్వానికి గెలిచిన స్త్రీ అపర్ణా సేన్ ఒక్కతే. రెండుసార్లు గెలిచింది, 1981 సినిమాకీ 2002 సినిమాకీ. మన తెలుగమ్మాయి సుధ కొంగర సంగతి చూడండి. ఆమె తీసిన 'సూరరై పోట్రు' 2020 సినిమాల్లో ఉత్తమ చిత్రం. అందులోవాళ్ళే ఉత్తమ నటుడు, ఉత్తమ నటి. స్క్రీన్‌ప్లే కూడా దానికే. దర్శకత్వం మాత్రం ఇంకొకరికి! వంట అద్భుతం, వడ్డన అద్భుతం, వండినామె సంగతి తర్వాత చూద్దాం అన్నట్టుంది. ఆ ఏడు దర్శకత్వం అవార్డు ఎవరికిచ్చారో ఆ సచీ మంచి దర్శకుడే, అప్పటికే చనిపోయాడు కూడా. ఆయన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. కానీ ఇది ఒకసారి జరిగింది కాదు గదా.

2024లో పాయల్ కపాడియా 'ఆల్ వుయ్ ఇమాజిన్ యాజ్ లైట్' కాన్‌లో గ్రాండ్ ప్రి తెచ్చింది. బొంబాయిలో మలయాళీ నర్సులు, బిల్డరు ఇల్లు కూల్చబోతుంటే దిక్కుతోచని ఆసుపత్రి వంటమనిషి. మనం రోజూ కలిసే ఆడవాళ్ళు. పూనా ఇన్‌స్టిట్యూట్‌లో 2015 సమ్మెలో నిలబడి కేసు మోస్తున్న విద్యార్థిని తీసిన సినిమా. ఆస్కార్‌కు పంపేటప్పుడు పదమూడుగురు మగవాళ్ళున్న కమిటీ దీన్ని కాదని 'లాపతా లేడీస్' ఎంచింది. కిరణ్ రావు సినిమా నాకూ నచ్చింది. నచ్చనిది కమిటీ రాసిన వాక్యం. భారతీయ స్త్రీ లొంగుబాటూ పెత్తనమూ కలిసిన వింత మిశ్రమమని మొదలుపెట్టారు! పదమూడు మందిలో ఒక్క స్త్రీ కూర్చుని ఉంటే ఆ వాక్యం కాగితం మీదకు వచ్చేదా? 2024 సినిమాల్లో ఏ కమిటీ ఏమన్నా నా ఓటు పాయల్‌కి దర్శకత్వానికి, కని కుస్రుతికి నటనకు.

మన రాష్ట్రం గద్దర్ పేరు మీద అవార్డులు మొదలుపెట్టింది. 2024కి జయసుధ అధ్యక్షురాలు. నివేదా థామస్‌కి ఉత్తమ నటి ఇచ్చారు, '35' సినిమాకి. పదో తరగతి తప్పిన తిరుపతి గృహిణి, కొడుక్కి లెక్కలు చెప్పడం కోసం తను లెక్కలు నేర్చుకుంటుంది. నా ఎడమ, కుడి రెండూ కలిసిన అరుదైన సందర్భమిది. అక్షరాస్యత ఉద్యమంలో పనిచేసినవాళ్ళకు ఆ పాత్ర బాగా తెలిసిన మనిషిలా అనిపిస్తుంది. ఉత్తమ నటుడు మాత్రం 'పుష్ప 2'. ఆ సినిమా ప్రీమియర్‌కి కొడుకుతో వెళ్ళిన తల్లి 2024 డిసెంబరు 4న ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో తొక్కిసలాటలో చనిపోయింది. నేరం ఎవరిదన్నది కోర్టుల పని. కానీ ఏడాది తిరగకుండా అదే ఊళ్ళో, ప్రజాగాయకుడి పేరు మీద, అదే సినిమాకి చప్పట్లు కొట్టించడం ప్రభుత్వం పని కాదు. ఒక్క ఏడాది ఆగితే ఆ నటుడి కళ ఏమీ తరిగిపోయేది కాదు.

ఇక అందరూ మెల్లగా మాట్లాడే విషయం. 2024లో జాతీయ అవార్డు ప్రకటించిన ఒక తెలుగు కొరియోగ్రాఫర్ మీద దగ్గర పనిచేసిన అమ్మాయి లైంగిక దాడి ఆరోపణ చేసింది. తను మైనర్‌గా ఉన్నప్పటినుంచీ అని చెప్పింది. పోక్సో కేసు పెట్టారు, అరెస్టు చేశారు, ప్రదానానికి కొద్ది రోజుల ముందు అవార్డు నిలిపేశారు. నిలిపేసినందుకు సంతోషించాం. కాని ఆ అవార్డు కమిటీ ముందుకు వచ్చినప్పుడు ఆ సెట్టులో పనిచేసే ఆడపిల్లలకు ఫిర్యాదు చేసుకునే చోటుందా అని ఎవరైనా అడిగారా? అడగరు. సెన్సార్ సర్టిఫికేట్ అడుగుతారు.

నేనడిగేది చిన్న విషయం. 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది ఉన్న ప్రతి పనిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. సినిమా యూనిట్ కూడా పనిచోటేనని, ప్రతి యూనిట్‌కీ కమిటీ ఉండాలని డబ్ల్యుసిసి వేసిన కేసులో కేరళ హైకోర్టు 2022 మార్చిలో చెప్పింది. అవార్డు దరఖాస్తులో ఒక్క గడి పెంచండి: మీ షూటింగులో కమిటీ ఉందా, సభ్యుల పేర్లేమిటి, ఆ కాగితం జత చెయ్యండి. లేకపోతే దరఖాస్తు వాపసు. మన తెలుగు సినిమా స్త్రీల మీద రాష్ట్ర ప్రభుత్వం వేసిన సబ్‌కమిటీ నివేదికను బయటపెట్టమని 2024 ఆగస్టులో, కేరళలో హేమ కమిటీ రిపోర్టు వచ్చిన రోజుల్లో, 'వాయిస్ ఆఫ్ విమెన్' సభ్యులూ సమంతా అడగవలసి వచ్చింది. శ్రీరెడ్డి 2018లో ఫిల్మ్ ఛాంబర్ ముందు చేసిన నిరసనను ఎగతాళి చేసిన పెద్దలు ఇవాళ అవార్డు వేదికల మీద మహిళా సాధికారత గురించి మాట్లాడుతున్నారు.

2025 సినిమాలకు నా కాగితం చెప్పేస్తాను. తెలుగులో ఉత్తమ నటి, కుడివైపు, 'ది గర్ల్‌ఫ్రెండ్'లో రష్మిక. పెద్ద హీరోల పక్కన ఆమె చేసిన పాత్రల మీద నాకు చాలా అభ్యంతరాలున్నాయి. ఇందులో కొట్టకుండా, తిట్టకుండా, ప్రేమ పేరు మీద ఒక మనిషి ఒక అమ్మాయి గాలిని ఎలా పీల్చేస్తాడో ఆమె మొహంలో చూశాను. కౌన్సిలింగుకి వచ్చే అమ్మాయిలు 'ఏమీ చెయ్యలేదండీ, కానీ...' అని ఆగిపోతారే, ఆ ఆగిపోవడం. 'కోర్ట్'కి ఏదో ఒకటి వస్తుందని ఎడమవైపు రాశాను. కులాంతర ప్రేమల మీద పోక్సోను తల్లిదండ్రులు ఆయుధంగా వాడటం అబద్ధం కాదు, మన దగ్గరకూ అలాంటి జంటలు వచ్చారు. అయితే ఆ కథలో అమ్మాయికి మాట్లాడే సమయం ఎంత దొరికిందో గడియారం పెట్టి చూసినవాళ్ళు నాకు ఉత్తరం రాయండి. మీ కాగితాలు కూడా, రెండు వైపులా నింపి, వచ్చే సంచికకు పంపండి.