ఆరింటికే కూలి ఆటో, తొమ్మిదింటికి అంగన్‌వాడీ

పల్నాడులో మిరప కోతలైనా, ఆదిలాబాద్‌లో పత్తి ఏరడమైనా, ఖమ్మంలో వరి నాట్లయినా దళితవాడల్లో ఉదయం ఒకేలా మొదలవుతుంది. ఆరు, ఆరున్నరకల్లా కూలి ఆటో వచ్చి ఆగుతుంది. సద్ది గిన్నెలు పట్టుకుని ఆడవాళ్లు ఎక్కేస్తారు. వాడలో అంగన్‌వాడీ ఉంటే అది తెరుచుకునేది తొమ్మిదింటికి. ఈ మధ్యలో రెండున్నర గంటలు పిల్లల్ని ఎవరు చూడాలి? ఇంట్లో ముసలమ్మ ఉంటే ముసలమ్మ చూస్తుంది. లేకపోతే ఎనిమిది, తొమ్మిదేళ్ల అక్క బడి మానేసి చూస్తుంది. చంటిబిడ్డయితే తల్లితోపాటు చేనుకు పోతుంది, చెట్టు కొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలో పురుగుమందు వాసన పీలుస్తూ పడుకుంటుంది.

గ్రామీణ ప్రాంతాల్లో పసిపిల్లల సేవల మీద చర్చ వచ్చినప్పుడల్లా ప్రభుత్వాలు గుడ్లు, పాలు, బాలామృతం లెక్కలు చెబుతాయి. అవి అవసరమే, వాటి మీద కూడా మాట్లాడతాం. కానీ పనికిపోయే తల్లికి కావాల్సిన మొదటి సేవ బిడ్డను నమ్మకంగా వదిలి వెళ్లే చోటు. ఆ సేవ ఈ దేశంలో వ్యవసాయ కూలీకి ఏ చట్టమూ ఇవ్వలేదు.

ఎవరికి ఇచ్చారో చూడండి. 30 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలో శిశు సంరక్షణ గది ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. 1951 తోటల కార్మికుల చట్టం తేయాకు, కాఫీ తోటల యజమానులకు ఆ బాధ్యత పెట్టింది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థా క్రెష్ నడపాలన్నారు. ఇవన్నీ ఒక యజమాని, ఒక గేటు, ఒక హాజరు పట్టీ ఉన్నచోట పనిచేసే నిబంధనలు. ఇవాళ ఒక రైతు చేలో, రేపు ఇంకో రైతు చేలో పనిచేసే మాదిగ, మాల స్త్రీకి ఏ గేటూ లేదు. వ్యవసాయ కూలీల్లో దళిత స్త్రీలు ఎంతమంది ఉంటారో తెలిసిన వాళ్లకు, ఈ ఖాళీ ఎవరి నెత్తిన పడిందో విడిగా చెప్పక్కర్లేదు.

ఉపాధి హామీ చట్టం ఒక్కటే ఈ దిక్కు చూసింది. పని స్థలానికి తల్లులతోపాటు ఐదుగురు పసిపిల్లలు వస్తే, కూలీల్లోనే ఒకామెను వాళ్లను చూసుకోవడానికి పెట్టి, ఆమెకూ కూలి కట్టాలని 2005 నాటి చట్టం షెడ్యూల్‌లో రాశారు. మేము పరిశోధన కోసం తిరిగిన పల్లెల్లో ఈ నిబంధన ఉందని తెలిసిన కూలీలు చాలా తక్కువ. తెలిసిన చోట కూడా మేటీలు చెప్పే మాట ఒకటే: పిల్లల్ని తీసుకురావద్దు. పిల్లలు రాకపోతే ఐదుగురు అవ్వరు, ఐదుగురు కాకపోతే ఆయమ్మ అక్కర్లేదు.

ఇక అంగన్‌వాడీ దగ్గరకు వద్దాం. 1975 అక్టోబర్ 2న 33 బ్లాకుల్లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ఇప్పుడు దేశమంతటా దాదాపు 14 లక్షల కేంద్రాలతో నడుస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 55,607, తెలంగాణలో 35,700 కేంద్రాలున్నాయి. ఇంత పెద్ద వ్యవస్థ పిల్లలకోసం ఇంకెక్కడా లేదని గొప్పగా చెబుతారు. అయితే దాని నిర్మాణంలోనే ఒక చీలిక ఉంది. కేంద్రానికి వచ్చి కూర్చునేది మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు. మూడేళ్ల లోపు వాళ్లు రికార్డులో లబ్ధిదారులే, కానీ వాళ్లకు అందేది ఇంటికి ఇచ్చే పొట్లం, తూకం, టీకాల గుర్తింపు కార్డు. రోజంతా ఎవరో ఒకరు కళ్లెదుట పెట్టుకుని నాలుగైదుసార్లు మెత్తగా తినిపించాల్సిన వయసు సరిగ్గా అదే. రెండున్నర కిలోల బాలామృతం పొట్లం ఇంట్లో ఉంటుంది, కలిపి పెట్టాల్సిన మనిషి పొలంలో ఉంటుంది. పోషకాహార లోపం మీద కోట్లు ఖర్చుపెట్టే ప్రభుత్వాలు ఈ చిన్న సంగతిని ఎందుకు పట్టించుకోవో మాకు అర్థం కాదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్ల లోపు దళిత పిల్లల్లో 39 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఎస్సీ, ఎస్టీ, బీసీలు కాని కులాల్లో అది 30 శాతం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రలో 63 శాతం. ఈ అంకెలు వచ్చినప్పుడల్లా తల్లులకు అవగాహన లేదని ఒక శిబిరం పెడతారు. ఆరింటికి ఆటో ఎక్కే మనిషికి అవగాహన ఒక్కటే తక్కువైందా?

రెండో సమస్య చోటు. కేంద్రం ఊళ్లో ఉందా, వాడలో ఉందా అన్నది మన దగ్గర దూరాన్ని మీటర్లలో కొలిచే ప్రశ్న కాదు. మూడేళ్ల పిల్ల ఒంటరిగా రోడ్డు దాటి, ఊరి వీధుల గుండా, రామాలయం పక్కనున్న గదికి రోజూ వెళ్లాలి. అమ్మ పనికి పోయింది, ఆయా వాడ దాకా వచ్చి తీసుకెళ్లదు. రెండు వారాల్లో ఆ పిల్ల వెళ్లడం మానేస్తుంది. హాజరు పట్టీలో మాత్రం ఉంటుంది.

ఈ సంగతి సుప్రీంకోర్టుకు అర్థమైంది. పీయూసీఎల్ వేసిన ఆహార హక్కు కేసులో 2001 నవంబర్ 28న అంగన్‌వాడీ సేవలను సార్వత్రికం చేయమంది. 2004లో ఎస్సీ, ఎస్టీ ఆవాసాలన్నింటికీ వీలైనంత త్వరగా కేంద్రాలు రావాలంది. 2006 డిసెంబర్ 13న మరింత స్పష్టంగా చెప్పింది: 2008 డిసెంబర్ నాటికి 14 లక్షల కేంద్రాలు తెరవాలి, అందులో ఎస్సీ, ఎస్టీ వాడలకు ప్రాధాన్యం ఇవ్వాలి. ఆరేళ్ల లోపు పిల్లలు 40 మంది ఉండి కేంద్రం లేని ఆవాసం అడిగితే మూడు నెలల్లోపు ఇవ్వాలి. దళిత ఉద్యమానికి చేతికందిన బలమైన ఆయుధాల్లో ఇదొకటి. దాన్ని వాడింది తక్కువ.

అయితే ఆ 40 అనే అంకె మీద మాకు ఒక అభ్యంతరం ఉంది. లెక్క వేసి చూద్దాం. 80 ఇళ్లున్న వాడ అంటే సుమారు 320 మంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభాలో ఆరేళ్ల వరకు ఉన్న పిల్లలు 11 శాతం లోపే. ఆ లెక్కన కూడా ఈ వాడలో 35 మంది దాటరు. ఆ తర్వాత కాన్పులు ఇంకా తగ్గాయి. ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లలు 2019-21 సర్వేలో ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. అంటే కుటుంబ నియంత్రణ పాటించినందుకు వాడకు దక్కిన బహుమానం ఏమిటంటే కేంద్రం అడిగే అర్హత పోవడం. కాన్పులు ఎక్కువగా ఉన్న ఉత్తరాది రాష్ట్రాల్లో ఈ 40 సులభంగా దాటొచ్చు. మన దగ్గర సగటు దళితవాడకు అది గోడలా నిలబడుతుంది.

జనాభా కొలమానాలూ అంతే. 400 నుంచి 800 మందికి ఒక ప్రధాన కేంద్రం, 150 నుంచి 400 మందికి మినీ కేంద్రం అన్నది నిబంధన. ఊరికి ప్రధాన కేంద్రం వస్తుంది, వాడకు మినీ వస్తుంది. మినీ కేంద్రమంటే ఒక్క మనిషే టీచరు, వంటమనిషి, ఊడ్చే ఆయా, ఫోన్‌లో వివరాలు ఎక్కించే గుమాస్తా. తెలంగాణలో, ఆంధ్రలో వీటిని ప్రధాన కేంద్రాలుగా మార్చాలని కార్యకర్తలు ఏళ్లుగా అడిగారు, ఆ దిశగా ఆదేశాలు కూడా వచ్చాయి. కానీ బోర్డు మారితే చాలదు, ఆయా రావాలి. ఒక్క మనిషి ఉన్న కేంద్రం ఆమె మీటింగ్‌కు వెళ్లిన రోజు మూతబడుతుంది. కుల వివక్షను నిబంధనల పుస్తకంలో వెతికితే దొరకదు, దాన్ని జనాభా కొలమానంలా రాస్తారు కాబట్టి.

ఇప్పుడు జాతీయ విద్యా విధానం పేరుతో అంగన్‌వాడీలను ప్రాథమిక పాఠశాలల ఆవరణలోకి చేర్చే పని నడుస్తోంది. ఆంధ్రలో దీన్ని ఫౌండేషన్ స్కూళ్ల పేరుతో మొదలుపెట్టారు. మంచి గది, మరుగుదొడ్డి, నీళ్లు దొరుకుతాయన్న వాదనలో నిజముంది. అద్దె గదుల్లో నడిచే కేంద్రాల పరిస్థితి చూసినవాళ్లెవరూ దాన్ని కొట్టిపారేయరు. కానీ బడి ఎక్కడుంది? ఎక్కువ చోట్ల ఊళ్లో. వాడలోని కేంద్రాన్ని ఊరి బడిలో కలిపితే పిల్లవాడికి మంచి గది వచ్చినట్టు కాగితం మీద ఉంటుంది, పిల్లవాడు మాత్రం వాడలోనే ఉంటాడు. మార్చాల్సి వస్తే ఊరి కేంద్రాన్ని వాడకు ఎందుకు మార్చరు? ఈ ప్రశ్న గ్రామసభలో అడిగి, ఎదుటివాళ్ల ముఖాలు చూస్తే కులం ఎంత సజీవంగా ఉందో తెలుస్తుంది.

తిండి దగ్గర ఇది మరింత బయటపడుతుంది. మధ్యాహ్న భోజనం మీద 2000ల మొదట్లో సుఖదేవ్ థోరట్, జోయెల్ లీ చేసిన అధ్యయనంలో, రాజస్థాన్‌తో పోలిస్తే ఆంధ్రప్రదేశ్‌లో దళిత వంటమనుషులు చాలా ఎక్కువగా కనిపించారు. అది ఇక్కడి ఉద్యమాల ఫలితం. వంటమనుషులుగా ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లోనే చెప్పింది. అయినా దళిత ఆయా వండితే పిల్లల్ని పంపం అనే ఊళ్లు ఇంకా ఉన్నాయి. ఇలాంటి గొడవ వచ్చినప్పుడు అధికారులు చేసే సర్దుబాటు ఒకటే, ఆమెను ఊడ్చే పనికి పెట్టి వంట ఇంకొకరికి అప్పగించడం. సామాజిక బహిష్కరణ 2015 సవరణ తర్వాత అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమన్న సంగతి ఆ సర్దుబాటులో ఎవరికీ గుర్తుకురాదు.

ఈ పనిచేసే స్త్రీల సంగతి చెప్పకుండా పిల్లల సంగతి పూర్తికాదు. కేంద్ర ప్రభుత్వం టీచరుకు ఇచ్చే వాటా 2018 అక్టోబర్‌లో 4,500 రూపాయలు చేశారు, ఆయాకు 2,250. మిగతాది రాష్ట్రాలు కలుపుతున్నాయి. ఆంధ్రలో 2019 నుంచి టీచరుకు 11,500, ఆయాకు 7,000. కనీస వేతనం, గ్రాట్యుటీ కోసం 2023 డిసెంబర్ 12న ఆంధ్రలో మొదలైన సమ్మె 42 రోజులు సాగింది. మధ్యలో ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. జీతం అడిగితే మీరు గౌరవ వేతనంపై పనిచేసే సేవకులు అంటారు, పని ఆపితే మీది అత్యవసర సేవ అంటారు. గ్రాట్యుటీకి వీళ్లు అర్హులేనని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చి ఏడాదిన్నర గడిచాక కూడా దానికోసం రోడ్డెక్కాల్సి వచ్చింది. మా పరిశోధనలో తారసపడిన ఆయాల్లో దళిత స్త్రీలు ఎక్కువ, సూపర్‌వైజర్లలో తక్కువ. పై నుంచి కింది దాకా ఈ శాఖకు కులం ఒక మెట్లదారి.

2025 జూలై నుంచి ఇంటికిచ్చే రేషన్‌కు ముఖం స్కాన్ తప్పనిసరి చేశారు. కర్నూలు పశ్చిమ మండలాల్లో సుగ్గికి పోయే కుటుంబాలను తలచుకోండి. తల్లి గుంటూరు మిరప చేలో ఉంది, బిడ్డ అవ్వ దగ్గర ఉంది, ఫోన్ అడిగేది తల్లి ముఖం. దొంగలెక్కలు ఆపడానికే ఈ యంత్రం అంటున్నారు. వలస కూలీ బిడ్డ ఆ లెక్కలో మొదట ఎగిరిపోతుంది.

మరేం చేయాలి? కేంద్రం దగ్గర పాల్నా అనే పథకం ఉంది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకు, నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు నడిచే శిశు సంరక్షణ కేంద్రాలు. దేశం మొత్తానికి 17,000 అంగన్‌వాడీ కమ్ క్రెష్‌లు పెడతామన్నారు. 14 లక్షల అంగన్‌వాడీల్లో ఇది 82కి ఒకటి. పైగా ఆ ఏడున్నర గంటలు ఆఫీసు వేళల్లో పెడితే నాట్ల కూలీకి పనికిరావు. వేళలు ఆ ఊరి పని వేళలను బట్టి ఉండాలి.

మనకు దగ్గరలో ఒక నమూనా ఉంది. కర్ణాటక ప్రభుత్వం 2023-24 బడ్జెట్‌లో 4,000 గ్రామ పంచాయతీల్లో 'కూసిన మనె' పేరుతో మూడేళ్ల లోపు పిల్లలకు సంరక్షణ కేంద్రాలు ప్రకటించింది. ఉపాధి హామీ జాబ్ కార్డున్న స్త్రీలకే శిక్షణ ఇచ్చి, వాళ్లనే సంరక్షకులుగా పెట్టడం దాని పద్ధతి. అందులో లోపాలుంటాయి, కూలి ఆలస్యాలుంటాయి. కానీ మూడేళ్ల లోపు బిడ్డను చూసుకోవడం పని అని, దానికి కూలి ఉందని ఒప్పుకున్న పథకం అది. మన రెండు రాష్ట్రాలు ఆ పని చేయడానికి డబ్బు లేదనలేవు. ఆంధ్రకు 2013 సబ్ ప్లాన్ చట్టం ఉంది, తెలంగాణకు 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉంది. అందరికీ వేసే రోడ్డులో దళితుల వాటా అని లెక్క రాసే నిధుల్లో కొంత వాడలో పసిపిల్లల ఇంటికి ఖర్చు పెడితే, ఆ చట్టం ఉద్దేశానికి అంతకన్నా దగ్గరి ఖర్చు ఇంకోటి ఉండదు.

కాన్పుకు ముందు, తర్వాత స్త్రీకి విశ్రాంతి ఇవ్వడం దేశానికే మేలని, ఆ భారం చాలావరకు ప్రభుత్వమే మోయాలని 1928లో బొంబాయి శాసన మండలిలో అంబేద్కర్ వాదించారు. ఆహార భద్రత చట్టం 2013లో ప్రసూతి సాయం 6,000 రూపాయలకు తగ్గకూడదంది. 2017లో వచ్చిన మాతృ వందన పథకం దాన్ని మొదటి కాన్పుకు 5,000 చేసింది. రెండు నెలలకే తల్లి మళ్లీ ఆటో ఎక్కడానికి కారణం ఈ అంకెల్లోనే ఉంది.

విద్యార్థి మిత్రులకు ఒక పని సూచిస్తాం. సెలవులకు వెళ్లినప్పుడు మీ వాడలో ఆరేళ్ల లోపు పిల్లల జాబితా రాయండి. మూడేళ్ల లోపు వాళ్లను విడిగా రాయండి. తల్లి ఎన్నింటికి పనికి పోతుంది, ఎన్నింటికి వస్తుంది, ఆ సమయంలో బిడ్డ ఎవరి దగ్గర ఉంటుంది అనే మూడు గడులు పెట్టండి. వలస పోయిన కుటుంబాల పిల్లల్ని వదలకండి. 40 దాటితే అంగన్‌వాడీ కోసం, దాటకపోయినా శిశు సంరక్షణ కేంద్రం కోసం గ్రామసభలో తీర్మానం పెట్టించి, ఐసీడీఎస్ ప్రాజెక్టు ఆఫీసులో సీడీపీఓకు దరఖాస్తు ఇవ్వండి. నోటిమాటతో వెనక్కి రావద్దు, తేదీ, ముద్ర ఉన్న రసీదు తీసుకోండి. 2006 ఆదేశంలోని మూడు నెలలు ఆ తేదీ నుంచే లెక్క.