ఒలిసాబాంగ్ కోసం ప్రార్థించండి!

మొన్న శనివారం రాత్రి పదకొండింటికి ఫోను గుయ్‌మంది. ఆన్‌కాల్ వారం కదా, ప్రొడక్షన్‌లో ఏదో పేలిందేమో అని గుండె గుభేలుమంది. తీరా చూస్తే వాట్సాప్. డాలస్‌లో ఉండే మా పెదనాన్నగారబ్బాయి పంపాడు. భారతదేశంలో బౌద్ధ తీవ్రవాదులు నిన్న రాత్రి ఇరవై చర్చీలు తగలబెట్టారట. ఈ రాత్రికి ఒలిసాబాంగ్ రాష్ట్రంలో రెండొందల చర్చీలు కూల్చేస్తారట. రెండొందల మంది మిషనరీలని చంపేస్తారట. ప్రార్థించండి, పదిమందికీ పంపండి.

పొద్దున్నే గరివిడి నుంచి అమ్మ ఫోను. ఆవిడకీ అదే వచ్చింది.

"ఏట్రా బాబూ, ఆ ఊరు మనకి దగ్గరేటి?"

అమ్మా, ఆ ఊరు ఎవరికీ దగ్గర కాదు. ఎందుకంటే అది లేదు! ఇండియాలో ఒలిసాబాంగ్ అనే రాష్ట్రమే లేదు. ఈ మెసేజీ 2010 ప్రాంతం నుంచీ ప్రపంచమంతా తిరుగుతోంది. అబద్ధమని ఎందరు చెప్పినా చావదు. పదిహేనేళ్ళుగా ప్రతి రాత్రీ ఆ రెండొందల మంది మిషనరీలు "రేపు" చావబోతూనే ఉన్నారు.

నాకో అనుమానం. ఒరిస్సా అనే పేరే ఎవరి నోట్లోనో నలిగి ఒలిసాబాంగ్ అయిందేమో! అదే నిజమైతే అంతకన్నా ఏడవాల్సిన విషయం ఇంకోటి లేదు. ఎందుకంటే ఒరిస్సాలో నిజంగానే చర్చీలు తగలబడ్డాయి. మా ఇంటికి ఎంతో దూరంలో కాదు. మా పాత విజయనగరం జిల్లా పొలిమేర దాటితే రాయగడ, రాయగడ దాటితే కంధమాల్. మధ్యలో ఉన్నది ఒక్కటంటే ఒక్క జిల్లా.

తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. 2008 ఆగస్టు 23న జలేస్‌పట ఆశ్రమంలో స్వామి లక్ష్మణానంద సరస్వతినీ, ఆయనతో ఉన్న మరో నలుగురినీ కాల్చి చంపారు. చంపింది మేమేనని మావోయిస్టులు ప్రకటించుకున్నారు. పగ మాత్రం క్రైస్తవుల మీద తీర్చుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది పాణో దళితులు, కొందరు కంధ ఆదివాసీలు. చచ్చిపోయినవాళ్ళు ప్రభుత్వ లెక్కలో 39 మంది. చర్చి సంఘాల లెక్కలో దాదాపు వంద. యాభై వేల మందికి పైగా ఇళ్ళు వదిలి అడవుల్లోకీ, శిబిరాల్లోకీ పారిపోయారు.

నాకప్పుడు పదకొండేళ్ళు. మా సంఘంలో ఆ ఆదివారాల్లో ఇజ్రాయెల్ కోసం, అమెరికా కోసం ప్రార్థన చేసినట్టు గుర్తుంది. కంధమాల్ పేరు విన్నట్టు గుర్తులేదు. పెద్దవాళ్ళు భయపడి ఉంటారు, తప్పుపట్టను. కానీ ఇప్పుడు మనకేం భయం? నెలకి లక్షలు సంపాదిస్తాం. ప్రతి బగ్గుకీ మూలకారణం తవ్వి తీసి రిపోర్టు రాస్తాం. ఆఫీసులో ఏ లింకు పడితే ఆ లింకు నొక్కకూడదని ఏటా ట్రైనింగు తీసుకుంటాం. అదే "క్రైస్తవులు, హింస" అన్న రెండు మాటలు కనిపించగానే బుర్ర షట్‌డౌన్ చేసి ఫార్వర్డ్ నొక్కేస్తాం!

"ప్రార్థన చేస్తే పోయేదేముందిరా?" అన్నాడు అన్నయ్య. పోయేది చాలా ఉంది.

మొదటిది, నమ్మకం పోతుంది. పదిసార్లు అబద్ధం పంపినవాడు పదకొండోసారి నిజం చెప్పినా ఎవడూ వినడు. 2015లో లిబియా సముద్రం ఒడ్డున 21 మందిని, 20 మంది ఈజిప్టు కోప్టిక్ క్రైస్తవుల్నీ ఒక ఘనా దేశస్థుణ్ణీ, గొంతులు కోసి చంపారు. 2019 ఈస్టర్ నాడు శ్రీలంకలో చర్చీల్లో, హోటళ్ళలో బాంబులు పేలి రెండొందల యాభై మందికి పైగా పోయారు. ఇవి నిజాలు. ఒలిసాబాంగ్‌ని వీటి పక్కన పెట్టడమంటే ఆ చచ్చిపోయినవాళ్ళని అవమానించడమే.

రెండోది, మనసు పాడవుతుంది. ఇలాంటి మెసేజీ కింద రెండో కామెంటు ఎప్పుడూ ఒకటే: "ఈ తురకోళ్ళంతా ఇంతే." అలాగా? పాకిస్తాన్‌లో ఆసియా బీబీ అనే క్రైస్తవ కూలీమనిషికి దైవదూషణ నేరం మీద 2010లో ఉరిశిక్ష వేశారు. ఆమె తరఫున మాట్లాడినందుకు 2011లో పంజాబ్ గవర్నరు సల్మాన్ తసీర్‌ని సొంత అంగరక్షకుడే కాల్చేశాడు. తసీర్ ముస్లిం. ప్రాణాలకి తెగించి ఆమె కేసు వాదించిన వకీలు ముస్లిం. 2018లో ఆమెని నిర్దోషిగా వదిలిపెట్టిన సుప్రీంకోర్టు జడ్జీలూ ముస్లింలే. మంచి సమరయుడి కథ సండే స్కూల్లో బట్టీ పట్టాం కదా, అర్థం కాలేదా?

అదే 2019లో, ఈస్టర్‌కి నెల ముందు, న్యూజీలాండ్ క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని కాల్చి చంపారు. వాళ్ళలో హైదరాబాదు నుంచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. ఆ ఆదివారం మీ చర్చిలో వాళ్ళ కోసం ప్రార్థించారా? లక్ష్మణానందతో పాటు చచ్చిపోయిన ఆ నలుగురి కోసం మనలో ఎవరైనా ఎప్పుడైనా ఒక్క కన్నీటి చుక్క రాల్చారా? మనవాళ్ళు చస్తేనే హింస అనుకుంటే, మన మీద పడేవాళ్ళకీ మనకీ తేడా ఏముంది?

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఫార్వర్డ్ చేయగానే బాధ్యత తీరిపోయినట్టు ఉంటుంది. కంధమాల్‌లో నిజంగా ఏం మిగిలిందో చూడండి. 2016లో సుప్రీంకోర్టే ఈ లెక్క చెప్పింది: 827 కేసులు నమోదైతే 315 కేసుల్ని ఛార్జిషీటు లేకుండానే మూసేశారు. విచారణ పూర్తయిన 362 కేసుల్లో శిక్ష పడింది 78 కేసుల్లోనే. ఇంకోపక్క, స్వామి హత్య కేసులో 2013లో యావజ్జీవం పడిన ఏడుగురు క్రైస్తవులకి సుప్రీంకోర్టులో బెయిలు దొరికేసరికి 2019 అయింది. ఈ అంకెల్ని ఎంతమంది ఫార్వర్డ్ చేశారు? వకీలు ఫీజుకి ఎంతమంది డబ్బు పంపారు?

"మనవాళ్ళు క్షమించాలి కదా, కోర్టులెందుకు?" అనేవాళ్ళూ ఉన్నారు. అదే ఒరిస్సాలో 1999లో గ్రాహం స్టెయిన్స్‌నీ, ఇద్దరు చిన్నపిల్లల్నీ జీపులో సజీవంగా తగలబెట్టారు. ఆయన భార్య గ్లాడిస్ హంతకుల్ని క్షమించానన్నారు. ఆ వెంటనే దేశం వదిలి పోలేదు, బారిపదలో కుష్ఠురోగుల సేవ కొనసాగించారు. కేసూ ఆగలేదు. 2011లో సుప్రీంకోర్టు దారాసింగ్‌కి యావజ్జీవాన్ని ఖాయం చేసింది. క్షమించడం ఆవిడ పని, శిక్షించడం చట్టం పని. ఒకటుంటే రెండోది అక్కర్లేదని ఎవరు చెప్పారు?

దూరదేశాల వాళ్ళని వదిలేయమని నేను అనడం లేదు. నా మటుకు నేను పెట్టుకున్న రూలు ఇదీ. మెసేజీ వస్తే ఊరి పేరు, తేదీ వెతుకుతాను, ఐదు నిమిషాల పని. నిజమైతే ప్రార్థిస్తాను, ఆ ఏడాదిలోపు జేబులోంచి కొంత తీస్తాను. అబద్ధమైతే పంపినవాడికి ఆ మాట మొహం మీదే చెబుతాను, వాడు అన్నయ్యైనా సరే. ఇంకే మతంవాళ్ళ మీద దాడి జరిగినా ఇదే రూలు.

అన్నయ్యకి ఇదంతా రాసి పంపాను. కంధమాల్ ఎక్కడుందో మ్యాపు కూడా పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. అమ్మ మాత్రం మళ్ళీ ఫోను చేసింది.

"ఆ కంధమాలోళ్ళు ఇళ్ళకి తిరిగెళ్ళారేటి?"

అందరూ వెళ్ళలేదమ్మా. మనం అడగాల్సిన ప్రశ్న అదే.