ఆప్షన్ పెడితే సరిపోతుందా?

2011 జనగణనలో తొలిసారి ఆడ, మగతో పాటు 'ఇతరులు' అనే ఆప్షన్ పెట్టారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తేలిన లెక్క 43,769. నిజంగా అంతేనా? మా నెల్లూరు మైపాడు తీరంలో ఇంటి గుమ్మం దగ్గర, నాన్న వింటుండగా అడిగితే ఎవరు నోరు విప్పుతారు చెప్పండి!

క్వీర్ స్టడీస్ పరిశోధన నాకు నేర్పిన పాఠం ఇదే: జవాబు కన్నా ముందు ప్రశ్ననే అనుమానించాలి. గాయత్రీ రెడ్డి హైదరాబాద్ హిజ్రాల మధ్య తిరిగి, వాళ్ల మాటలు విని 2005లో పుస్తకం తెచ్చారు. వాళ్ల గుర్తింపులో లింగమొక్కటే కాదు, మర్యాదా ముఖ్యమేనని చూపారు. ఏ ఫారంలో ఉంటుంది ఆ కాలమ్?

డేటా ఉద్యోగాలు వెతుకుతున్న ఫ్రెండ్స్, పైథాన్ ఎక్కడైనా నేర్చుకోవచ్చు. కానీ ఫారంలో చోటు లేని మనిషి మీ డ్యాష్‌బోర్డులోనూ కనిపించడు. మీ ప్రాజెక్టు సర్వేలో ఆ ప్రశ్న ఒంటరిగా ఉన్నప్పుడే అడగండి. 'చెప్పడం ఇష్టం లేదు' అనే వీలూ ఇవ్వండి.