అబద్ధానికి తెలుగొచ్చు

ఫిట్స్ వచ్చినవాడి చేతిలో తాళంచెవుల గుత్తి పెడితే మెదడులోని కరెంటు ఇనుములోకి దిగిపోతుందట! పాము కరిస్తే తాడు బిగించి, కోసి, నోటితో పీల్చాలట! మా హోసూరులో ఈ 'సైన్సు' విని నవ్వినవాణ్ణే నేనూ. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ఈ అబద్ధాలన్నీ చక్కని తెలుగులో ఇంటికొస్తాయి. నిజం ఆస్పత్రి గోడమీద తమిళంలో ఉంటుంది. మా అవ్వ తమిళం మాట్లాడుతుంది గానీ చదవలేదు.

ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి, పేరు తాళాలకొస్తుంది. మనిషిని పక్కకు ఒత్తిగిలించాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు. ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. పాముకాటుకు తాడొద్దు, కోతొద్దు. కాలు కదపనీయకుండా వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. విషానికి విరుగుడు యాంటీవెనం ఒక్కటే. దాని తయారీకి విషం తీసి ఇస్తూ వచ్చింది, చెన్నై దగ్గర వడనెమ్మేలిలో 1978లో ఏర్పడిన ఇరులర్ల సహకార సంఘం. మందు పుట్టుక పొరుగునే. ఆ కబురే తెలుగులో మన గడప తొక్కలేదు.

భాషోద్ధారకులారా! సభలూ శాలువాలూ సరే. ఈ నాలుగు ముక్కలూ తెలుగులో రాసి ఆ గోడకు అంటించండి. భాష బతకాలంటే ముందు అవ్వ బతకాలి.