టర్బో బండి, రూలు పుస్తకం

మన కార్యక్రమాలకి వచ్చినప్పుడు పెద్దవాళ్ళు నన్ను ఉద్యోగాల గురించి అడుగుతారు. పిల్లలు మాత్రం కార్ల గురించే అడుగుతారు. పోయిన నెల ఇంటర్ చదివే ఒక కుర్రాడు, "అంకుల్, టర్బో కారుని ఆటోక్రాస్‌కి ఎలా తయారు చెయ్యాలి?" అన్నాడు. నేను కంప్యూటర్ల మనిషిని, స్పానరు పట్టినవాణ్ణి కాదు. అయితే ఈ విషయం బాగా తెలిసిన ఒక అన్న నాకు సోనాపూర్‌లో ఉన్నాడు.

సోనాపూర్ అంటే హిందీలో బంగారు ఊరు. పటంలో దాని పేరు ముహైస్నా రెండు. మనలో చాలామందికి ఆ పేరు వినగానే కార్మికుల వసతి గదులు, పొద్దున్నే బారులు తీరే బస్సులు గుర్తొస్తాయి. పక్కనే అల్ ఖుసైస్ పారిశ్రామిక వాడ, దాని నిండా గ్యారేజీలు. మన బండ్లు బాగుచేసే చేతుల్లో కొన్ని రాత్రికి విశ్రాంతి తీసుకునేది సోనాపూర్ గదుల్లోనే. నేను చెప్పే అన్నది జగిత్యాల వైపు. యాభై దాటాయి. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పేస్తాడు.

ముందు ఆటోక్రాస్ అంటే ఏమిటో చూద్దాం. ఖాళీగా ఉన్న పెద్ద తారు మైదానంలో రబ్బరు కోన్లు పెట్టి వంకర టింకర దారి గీస్తారు. ఒకసారికి ఒక్క బండే వెళ్తుంది. పోటీ గడియారంతో, పక్కబండితో కాదు. ఒక్కో పరుగు సుమారు నిమిషం. అమెరికా పద్ధతిలో కోను పడగొడితే ఒక్కోదానికి 2 సెకన్లు కలుపుతారు. పరుగుకి ముందు అందరూ ఆ దారంతా కాలినడకన తిరిగి మలుపులు గుర్తుపెట్టుకోవాలి. మన దేశంలో ఈ పోటీ తరచుగా మట్టినేల మీద జరుగుతుంది. అమెరికాలో స్పోర్ట్స్ కార్ క్లబ్ వాళ్ళు దీన్ని "సోలో" అని పిలుస్తారు, 1973 నుంచి జాతీయ స్థాయి పోటీలు పెడుతున్నారు.

మరి చిన్న మారుతీ, పెద్ద పోర్షే ఒకే మైదానంలో ఎలా పోటీపడతాయి? అందుకే క్లాసులు. ఉదాహరణకి సోలోలో "స్ట్రీట్" తరగతి ఉంది. అందులో బండి దాదాపు షోరూము నుంచి వచ్చినట్టే ఉండాలి. షాక్ అబ్జార్బర్లు మార్చుకోవచ్చు. బ్రేకు ప్యాడ్లు మార్చుకోవచ్చు. ముందు గానీ వెనక గానీ ఒక యాంటీ రోల్ బార్ మార్చుకోవచ్చు. పొగగొట్టంలో క్యాటలిటిక్ కన్వర్టర్ దాటిన తరువాతి భాగం మార్చుకోవచ్చు. టైర్లు మీ ఇష్టం, కానీ వాటి మీద ట్రెడ్‌వేర్ అంకె 200కి తగ్గకూడదు. టర్బో పెద్దది పెట్టడం, బూస్ట్ పెంచడం, కంప్యూటర్ ప్రోగ్రాం మార్చడం మాత్రం కుదరదు. అవన్నీ చెయ్యాలనుకునేవాళ్ళకి పై తరగతులున్నాయి. అక్కడ ఎదుటివాడి బండీ అలాంటిదే.

కుర్రాళ్ళకి ఈ మాట రుచించదు. టర్బో బండి కొన్నదే బూస్ట్ కోసమాయె! పిల్లల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. ఇంజను వదిలేసే పొగ వేగానికి ఒక చిన్న చక్రం తిరుగుతుంది. దానికే జోడించిన ఇంకో చక్రం బయటి గాలిని నొక్కి ఇంజనులోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండించవచ్చు, బలం పెరుగుతుంది. కానీ నొక్కిన గాలి వేడెక్కుతుంది, సైకిలు పంపు కొట్టేటప్పుడు గొట్టం వేడెక్కినట్టు. అందుకే ఇంటర్‌కూలర్ పెడతారు. ఇక్కడి వేసవిలో బయటి గాలే 45 డిగ్రీలుంటే ఇంటర్‌కూలర్ మాత్రం ఎంతని చల్లబరుస్తుంది? గాలి మితిమీరి వేడెక్కితే పెట్రోలు సమయానికి కాకుండా తనంతట తానే మండుతుంది. దాన్నే నాకింగ్ అంటారు. పిస్టన్లు పగిలేదాకా పోవచ్చు. మన బంకుల్లో 91, 95, 98 అంకెలు చూశారు కదా, అంకె పెరిగే కొద్దీ పెట్రోలు ఆ నాకింగ్‌ని అంత బాగా తట్టుకుంటుంది.

ఇంకో సంగతి. పెద్ద టర్బో తిరగడం మొదలుపెట్టడానికే సమయం తీసుకుంటుంది. హైవే మీద అది తెలియదు. కోన్ల మధ్య ప్రతి రెండు మూడు సెకన్లకి ఒక మలుపు. బలం వచ్చేసరికి మలుపు దాటిపోయి ఉంటుంది.

నేను ఆ కుర్రాణ్ణీ, వాళ్ళ నాన్ననీ గ్యారేజీకి తీసుకెళ్ళాను. వాళ్ళది రెండు లీటర్ల సుబారు, సెకండ్ హ్యాండ్. కుర్రాడు ఫోనులో ఏవో వీడియోలు చూపించి, "అంకుల్, బూస్ట్ కొంచెం పెంచండి, డబ్బులు నాన్న ఇస్తారు" అన్నాడు. అన్న చేతులు తుడుచుకుని నవ్వాడు.

"టర్బోల గాలి తర్వాత సంగతి బిడ్డా, ముందుగాల టైర్లల్ల గాలి సూడు."

తరువాత టైరు అంచు మీద సుద్దముక్కతో గీతలు గీశాడు. పరుగు తీసి వచ్చాక ఆ సుద్ద ఎంతవరకు చెరిగిందో చూడాలట. మరీ పక్కకి చెరిగితే గాలి తక్కువ, అసలు చెరగకపోతే ఎక్కువ. కొద్ది కొద్దిగా మార్చి, ప్రతిసారీ కాగితం మీద రాసుకోమన్నాడు. ఒకసారికి ఒకటే మార్చాలి, లేకపోతే దేనివల్ల లాభమొచ్చిందో తెలియదు. నాకు నవ్వొచ్చింది. మా ఆఫీసులో ప్రోగ్రాం తప్పులు వెతికేటప్పుడు మేం చెప్పుకునే సూత్రం అదే!

నాన్నగారు, "పోనీ కొంచెమే పెంచవయ్యా, ఎవరికి తెలుస్తుంది?" అన్నారు. అన్న ముఖం మారింది. "బండి పట్టుబడితే మీకు జరిమానా సారూ, నాకు నౌకరీ పోతది. ఇంటికాడ బిడ్డ పెండ్లి ఉన్నది" అన్నాడు. నాన్నగారు ఇంక మాట్లాడలేదు.

ఆయన మాటలో అబద్ధమేమీ లేదు. దుబాయిలో 2023లో వచ్చిన 30వ నంబరు డిక్రీ ప్రకారం, వేగం పెరిగేలా గానీ మోత వచ్చేలా గానీ మార్పులు చేసిన బండిని జప్తు చేస్తే, విడిపించుకోవడానికి 10,000 దిర్హాములు కట్టాలి. అనుమతి లేకుండా రోడ్డు మీద రేసులో పాల్గొంటే 1,00,000. ఇక 2025 మార్చి 29 నుంచి అమలైన కొత్త ఫెడరల్ చట్టం ప్రకారం 17 ఏళ్ళకే లైసెన్సు రావచ్చు. అంటే మన ఇళ్ళలో పన్నెండో తరగతి పిల్లలకే తాళాలు అందుతాయి. తల్లిదండ్రులు ఈ విషయం ముందే మాట్లాడుకోవడం మంచిది.

"ఎవరికి తెలుస్తుంది" అనే ప్రశ్నకి చరిత్రలో పెద్ద జవాబే ఉంది. 1995 ప్రపంచ ర్యాలీ పోటీల్లో టర్బోలోకి వెళ్ళే గాలిని అదుపు చెయ్యడానికి 34 మిల్లీమీటర్ల కంతతో ఒక బిరడా తప్పనిసరి. స్పెయిన్‌లోని కాటలున్యా ర్యాలీలో టొయోటా జట్టు సెలికా బండిలో ఒక గడుసు ఏర్పాటు దొరికింది. బిగించి ఉన్నప్పుడు ఆ బిరడా కొద్దిగా జరిగి పక్కనుంచి అదనపు గాలిని వదులుతుంది. తనిఖీకి విప్పగానే స్ప్రింగుల బలంతో యథాస్థానానికి వచ్చేస్తుంది. తాను చూసిన వాటిలో ఇంత తెలివైన పనితనం లేదని ఎఫ్ఐఏ అధ్యక్షుడు మాక్స్ మోస్లే సైతం ఒప్పుకున్నారు. ఒప్పుకుని, జట్టు ఆ ఏడాది పాయింట్లన్నీ తీసేసి, 12 నెలలు నిషేధించారు. ఆ సంవత్సరం డ్రైవర్ల టైటిల్ సుబారు నడిపిన కాలిన్ మెక్‌రేకి వెళ్ళింది. అంత తెలివి రూలు లోపలే పెట్టి ఉంటే ఏమయ్యేదో!

నా ఉద్దేశంలో రూలు పుస్తకం ఆటకి అడ్డు కాదు. గీత లేకపోతే కబడ్డీ లేదు. అందరికీ గాలి ఒకే కొలత అయినప్పుడే నడిపేవాడి నేర్పు బయటపడుతుంది.

కాబట్టి ఆసక్తి ఉన్న పిల్లలకి ఆ అన్న చెప్పిన వరస ఇది. మొదట రూలు పుస్తకం పూర్తిగా చదవండి. తరువాత మంచి టైర్లు, వాటిలో గాలి. తరువాత చక్రాల అలైన్‌మెంట్, కొత్త బ్రేకు నూనె, ప్యాడ్లు. తరువాత షాక్ అబ్జార్బర్లు. బండిలో కదిలే సామాన్లన్నీ తీసెయ్యండి. మిగిలిన డబ్బు సాధనకి ఖర్చుపెట్టండి, అదీ అనుమతి ఉన్న మైదానంలో, హెల్మెట్ పెట్టుకుని. రోడ్డు మీద మాత్రం ఎప్పుడూ వద్దు.

చివరగా చిన్నారులకి ఒక లెక్క. రవి 60 సెకన్లలో పరుగు ముగించి రెండు కోన్లు పడగొట్టాడు. సలీం 62 సెకన్లు తీసుకున్నాడు, ఒక్క కోనూ కదపలేదు. కోనుకి 2 సెకన్లయితే గెలిచింది ఎవరు, ఎంత తేడాతో? జవాబు నాన్నని అడక్కుండా చెప్పాలి సుమా! వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం.